పక్క గదిలో ఏం చెప్పేవాళ్లో

మా స్కూల్లో వారానికి రెండుసార్లు బెల్లు కొట్టగానే క్లాసు రెండు ముక్కలయ్యేది. క్యాథలిక్ పిల్లలు లేచి పక్క గదికి కేటకిజంకి, అంటే వాళ్ల మత పాఠానికి, వెళ్లేవాళ్లు, మిగతావాళ్లం అక్కడే కూర్చుని మోరల్ సైన్స్ చదివేవాళ్లం. నా పక్కన కూర్చునే అమ్మాయి కూడా వెళ్లేది, పీరియడ్ అయ్యాక వచ్చి మళ్లీ నా పక్కనే కూర్చునేది, మధ్యాహ్నం ఇద్దరం ఒకే బాక్సులో తినేవాళ్లం. ఒకటో క్లాసు నుంచి ఎనిమిదో క్లాసు దాకా ఇంతే. ఒకరోజు పొద్దున్నే నుదుటి మీద మసితో వచ్చింది, నేను నా కర్చీఫ్ తీసి తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపేసింది. ఎందుకు ఆపిందో తను చెప్పలేదు, నేను అడగలేదు. ఆ ఎనిమిదేళ్లలో "పక్క గదిలో ఏం చెప్తారే మీకు?" అని కూడా ఒక్కసారి అడగలేదు.

ఇది విశాఖపట్నంలో సంగతి. మా ఇంట్లో ఎవరికీ ఇందులో వింత ఏమీ కనపడలేదు. మన వైపు "పిల్లని కాన్వెంట్లో వేశాం" అంటే ఇంగ్లీషు మీడియంలో వేశాం అని అర్థం, అంతే కదా. వీధి చివర రెండు గదుల్లో ఎవరో మాస్టారు పెట్టిన స్కూలు కూడా కాన్వెంటే. కాన్వెంట్ అంటే సిస్టర్లు కలిసి బతికే ఇల్లు అని, అది వాళ్ల మఠం అని నాకు అమెరికా వచ్చాక తెలిసింది. ఆ మాటలోంచి సిస్టర్లని తీసేసి ఇంగ్లీషు, టై, బెల్టు, డిసిప్లిన్ మాత్రం ఉంచుకున్నాం మనం. విజయవాడ ఆంధ్ర లయోలాలో చదివిన మా పెదనాన్న అక్కడి చెట్ల గురించి, హాస్టల్ డిసిప్లిన్ గురించి ఇప్పటికీ గొప్పగా చెప్తారు, కానీ ఆ ఫాదర్లు ఎందుకు పెళ్లి మానుకుని అంతదూరం వచ్చి కాలేజీ పెట్టారు అనే ప్రశ్న ఆయనకి ఎప్పుడూ రాలేదట. నాకూ రాలేదు, అందుకే ఇదంతా రాస్తున్నాను.

నాన్నకి ఉద్యోగం ఇక్కడ రావడంతో తొమ్మిదో క్లాసులో లాస్ ఏంజెలెస్ దగ్గరికి వచ్చేశాం. కాలేజీ టైం వచ్చేసరికి మా తెలుగువాళ్లలో ఎక్కడ ఎవరింట్లో కలిసినా ఒకటే మాట, యూసీఎల్‌ఏ వచ్చిందా, బర్క్‌లీ వచ్చిందా, అర్వైన్ వచ్చిందా అని ఇక్కడి పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీల పేర్లే. నాకు అర్వైన్ వచ్చింది. ఇంకోపక్క లయోలా మేరీమౌంట్ అనే క్యాథలిక్ యూనివర్సిటీ మంచి స్కాలర్‌షిప్ ఇచ్చింది, నేను క్యాంపస్ చూడ్డానికి ఒకరోజు వెళ్లి, ఆ సాయంత్రమే ఇక్కడే చదువుతానని ఇంట్లో చెప్పేశాను. అంకుల్స్ ఇద్దరు ముగ్గురు నాన్నకి ఫోన్ చేసి మరీ ఆ పేరు ఎవరికి తెలుసండీ అన్నారు. ఒక ఆంటీ అయితే బీచ్ పక్కన కాలేజీ అంటే చదువు సాగదమ్మా అన్నారు. నాన్న మాత్రం ఒకే ఒక్క మాట అడిగారు, "కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లకి థియాలజీ క్లాసు కంపల్సరీ ఏంటమ్మా?" థియాలజీ అంటే దేవుడి గురించీ మతం గురించీ చదవడం, అక్కడ అందరూ చెయ్యాల్సిన క్లాసు.

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉంది, కొంచెం పెద్ద జవాబు.

ముందు ఆ చోటు ఎలా ఉంటుందో చెప్తాను. వెస్ట్‌చెస్టర్ అనే పేటలో, ఒక గుట్ట అంచు మీద 140 ఎకరాల పైచిలుకు క్యాంపస్. కింద బలోనా చిత్తడి నేలలు, అవతల ప్లాయా డెల్ రే, ఆ తర్వాత పసిఫిక్. గుట్ట వాలు మీద ఎల్.ఎం.యూ. అని పెద్ద తెల్ల అక్షరాలు ఉంటాయి, కింద రోడ్డు మీద వెళ్లేవాళ్లందరికీ కనపడతాయి. దక్షిణాన ఎల్.ఏ.ఎక్స్. ఎయిర్‌పోర్టు, రోజంతా విమానాల చప్పుడు. గుట్ట అంచున హానన్ లైబ్రరీ గుండ్రంగా ఉంటుంది, 2009లో తెరిచారు, పైన కూర్చుంటే ఒకవైపు సముద్రం ఇంకోవైపు ఊరంతా. మే, జూన్ నెలల్లో మాత్రం పొద్దున్న పూట సముద్రం మీదనుంచి మంచు మబ్బు వచ్చి క్యాంపస్ మీద కూర్చుంటుంది, చర్చి గోపురం కూడా సగమే కనపడుతుంది, మధ్యాహ్నానికి గానీ విడవదు. విశాఖలో పుట్టినదాన్ని కాబట్టి నాకు సముద్రం అంటే సూర్యుడు పైకొచ్చే వైపు. ఇక్కడ సూర్యుడు సముద్రంలోకి దిగుతాడు, మొదటి నెలంతా నాకు దిక్కులు తెలిసేవి కావు.

ఆ యూనివర్సిటీ నిజానికి రెండు కాలేజీలు. జెస్యూట్లనే క్యాథలిక్ సంఘం ఫాదర్లు 1911లో మొదలుపెట్టి 1929లో ఈ గుట్ట మీదకి తెచ్చిన మగపిల్లల లయోలా ఒకటి, సిస్టర్లు నడిపిన ఆడపిల్లల మేరీమౌంట్ ఒకటి. 1973లో రెండూ కలిశాయి. సరిగ్గా అదే ఏడాది జెస్యూట్ల పెద్ద పెద్రో అరూపే స్పెయిన్‌లోని వాలెన్సియాలో తమ పూర్వ విద్యార్థుల ముందు నిలబడి, మన చదువు ఇతరుల కోసం బతికే మనుషుల్ని తయారు చెయ్యాలి, ఇప్పటిదాకా మీకు న్యాయం గురించి మేం సరిగా నేర్పలేదు అన్నాడు. తాము చదువు చెప్పినవాళ్ల మొహం మీదే ఆ మాట ఒప్పుకోవడం నాకు చాలా నచ్చింది. ఈ మాటలన్నీ క్యాంపస్‌లో గోడల మీద ఉంటాయి, గోడల మీద మాటలు ఏ కాలేజీలో అయినా ఉంటాయి అనుకోండి, నా మటుకు నాకు అవి క్లాసులో పని చేశాయి.

డిగ్రీ పిల్లలు సుమారు 7,000 మంది ఉంటారు. అదే ఊళ్లో యూసీఎల్‌ఏలో డిగ్రీ పిల్లలే 30,000 పైన. ఏ బ్రాంచి చదివినా కోర్ అని కొన్ని క్లాసులు అందరూ చెయ్యాలి, అందులో ఫిలాసఫీ ఒకటి, థియాలజికల్ ఎంక్వైరీ అని ఒకటి, తర్వాత విశ్వాసం-తర్కం మీద ఒకటి. చర్చికి వెళ్లాలని ఎవరూ అనరు, నాలుగేళ్లలో నన్ను ఒక్కరు కూడా రమ్మని బలవంతం చెయ్యలేదు. ఇంకో సంగతి, ఈ క్యాథలిక్ యూనివర్సిటీయే 2013లో యోగా స్టడీస్‌లో మాస్టర్స్ డిగ్రీ పెట్టింది, ఇక్కడ సంస్కృతం కూడా చెప్తారు. ఇది చెప్తే మా అమ్మ నమ్మలేదు, వెబ్‌సైట్ తీసి చూపించాల్సి వచ్చింది.

నా థియాలజీ క్లాసులో 20 మంది చిల్లర ఉండేవాళ్లం. కార్సన్ నుంచి వచ్చిన ఫిలిప్పినో అమ్మాయి, ఆదివారం మాస్, అంటే చర్చిలో పూజ, తప్పనిది. బాయిల్ హైట్స్ నుంచి వచ్చిన మెక్సికన్ కుటుంబం అబ్బాయి, వాళ్ల అమ్మమ్మకి ఉన్న నమ్మకం తనకి లేదని మొదటి రోజే చెప్పేశాడు. ఒక యూదు అబ్బాయి, ఒక ముస్లిం అమ్మాయి, ఏ మతమూ లేదనేవాళ్లు ఆరేడుగురు, నేను. అందరం ఒకే గదిలో. చిన్న విషయంలా ఉంటుంది కానీ నాకు ఆ రోజు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే మతం అనే మాట రాగానే ఎవరో ఒకరు లేచి పక్క గదికి వెళ్లిపోతారని నా లోపల ఎక్కడో ఉండిపోయింది, ఇక్కడ ఎవరూ లేవలేదు.

మొదటి పేపర్ ఏంటంటే, మీరు పెరిగిన చోట పవిత్రం అనుకునే ఒక స్థలం గురించి రాయండి. నేను సింహాచలం రాశాను. కొండ, మెట్లు, ఘాట్ రోడ్డు, వరాహ లక్ష్మీ నరసింహస్వామి, ప్రహ్లాదుడి కథ, శ్రీకృష్ణదేవరాయలు వచ్చి కానుకలు ఇచ్చాడని, ఏడాది పొడుగునా స్వామి చందనంలో ఉంటాడని, వైశాఖంలో అక్షయ తృతీయ ఒక్కరోజే చందనం తీసి నిజరూపం చూపిస్తారని, ఆ రోజు క్యూలు ఎంత ఉంటాయో అన్నీ రాశాను. సీ ప్లస్ వచ్చింది. ప్రొఫెసర్ ఒకావిడ, మార్జిన్‌లో ఒక్క ప్రశ్న రాసింది, కనపడాల్సిన దేవుడు 364 రోజులు ఎందుకు కప్పుకుని ఉంటాడు, ఆ కప్పుకోవడం మీ వాళ్లకి ఏం నేర్పింది అని.

నేను ఆ ప్రశ్న పట్టుకుని రెండు రోజులు తిరిగాను. ఏడాదికి మూడు నాలుగుసార్లు ఆ కొండ ఎక్కినదాన్ని, అప్పన్న అంటే మా ఇంట్లో మనిషిలా, చిన్నప్పుడు పరీక్ష హాల్ టికెట్ అక్కడ పెట్టి తెచ్చుకున్నదాన్ని, నాకు తెలీదు. ఇండియాకి ఫోన్ చేసి అమ్మమ్మని అడిగాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి, ఉగ్రమూర్తి కదే, ఆ వేడి మనం తట్టుకోలేం, చల్లబరచడానికి పూస్తారు అంది. కాసేపాగి మళ్లీ తనే, ఆయన్ని మనం చూడలేమని కాదులే, చూసేశాం అనుకోకుండా ఉండడానికేమో అంది. డెబ్భై దాటిన మనిషి, ఐదో క్లాసు దాకా చదివింది. అరవై ఏళ్లుగా ఆ మాట ఆవిడ లోపల ఉంది, ఎవరూ అడగలేదు కాబట్టి బయటకి రాలేదు. అమెరికాలో ఒక క్యాథలిక్ కాలేజీ టీచర్ పేపర్ మార్జిన్‌లో ప్రశ్న రాస్తే మా అమ్మమ్మ నోట్లోంచి మా దేవుడి గురించి ఆ మాట వచ్చింది. నాన్న అడిగిన దానికి నా జవాబు ఇదే. థియాలజీ క్లాసు నాకు బైబిల్ నేర్పడం కంటే ముందు, నా దేవుడి గురించి నాకు ఏమీ తెలీదని చూపించింది.

పెద్ద యూనివర్సిటీలో కూడా ఇలాంటి క్లాసు దొరకదా అంటే దొరుకుతుంది, కావాలనుకున్నవాళ్లకి. నేను కావాలనుకునేదాన్ని కాదు. కంప్యూటర్ సైన్స్‌లో చేరిన తెలుగు పిల్ల తనంతట తను ఆ క్లాసు తీసుకోదు, ఇంట్లో తీసుకోనివ్వరు, అందుకే కంపల్సరీ అనే మాటని నేను గట్టిగా సమర్థిస్తాను. లెక్కలు కంపల్సరీ అంటే మనకి అభ్యంతరం ఉండదు కదా.

ఇక బీచ్ సంగతి. ఆంటీ చెప్పినట్టు బీచ్ వల్ల చదువు పాడవ్వలేదు, నా చదువులో సగం బీచ్ దగ్గరే జరిగింది. గుట్ట దిగి కారులో పది పదిహేను నిమిషాలు వెళ్తే డాక్‌వైలర్ బీచ్, అక్కడ ఇసకలో మంట వేసుకోవడానికి సిమెంటు గుంటలు కట్టి ఉంటాయి, ఎవరైనా వాడుకోవచ్చు, ముందొచ్చిన వాళ్లది. దారిలో షాపులో కట్టెల మోపు, బ్రెడ్డు, ఏవో కొనుక్కుని శుక్రవారం సాయంత్రం వెళ్లేవాళ్లం. నీళ్లు మాత్రం చల్లగా ఉంటాయి, మన భీమిలి నీళ్లలా అనుకుని దిగితే కాళ్లు కొంకర్లు పోతాయి. ఎయిర్‌పోర్టు రన్‌వేలు ఆ ఒడ్డు వెనకాలే, విమానాలు పైకి లేచి సరిగ్గా నెత్తి మీదనుంచి సముద్రం మీదకి వెళ్తాయి. పైన విమానం ఉన్నంతసేపు ఎంత అరిచినా పక్కవాడికి వినపడదు. అందుకని ఎవరు ఏం చెప్తున్నా మాట మధ్యలో ఆపి, విమానం వెళ్లిపోయేదాకా మంట వైపు చూస్తూ కూర్చుని, మళ్లీ అదే మాట దగ్గర్నుంచి మొదలుపెట్టేవాళ్లు. ఎంత కోపంగా వాదించుకుంటున్నా సరే మధ్యలో ఆ ఆగడం ఉండేది. మా బాయిల్ హైట్స్ అబ్బాయి వాళ్ల అన్న జైలు నుంచి వచ్చాక ఏం జరిగిందో అక్కడే చెప్పాడు, వాళ్ల అమ్మమ్మ రోజూ జపమాల చెప్పడం అంతకుముందు తనకి చిరాకుగా ఉండేదట. ముస్లిం అమ్మాయి ఒకసారి సూర్యుడు దిగగానే లేచి కాస్త పక్కకెళ్లి ఇసకలో దుప్పటి పరిచి నమాజ్ చేసుకుని వచ్చింది, మేం తన రొట్టె మాడిపోకుండా తిప్పుతూ కూర్చున్నాం.

చిన్న యూనివర్సిటీ గొప్ప ఇక్కడుంది అంటాను నేను. క్లాసులో ఉన్న 20 మందే సాయంత్రం మంట దగ్గర, వాళ్లే మెస్సులో, వాళ్లలో కొందరే ఆదివారం సేవకి, ఇల్లు లేనివాళ్లు వీధుల్లో ఉండే స్కిడ్ రో అనే పేట దగ్గర భోజనాలు వడ్డించే చోట. బెల్లు కొట్టినా క్లాసు విడిపోదు. 300 మంది కూర్చునే హాల్లో చదివిన నా ఫ్రెండ్స్ తెలివైనవాళ్లే, మంచి ఉద్యోగాల్లోనే ఉన్నారు, కానీ నాలుగేళ్లలో తమతో పాటు చదివినవాళ్లు దేన్ని నమ్ముతారో తెలీకుండా బయటకొచ్చిన వాళ్లు వాళ్లలో చాలామంది ఉన్నారు.

రెండో ఏడాది ఫిబ్రవరిలో ఒక బుధవారం. నేను ల్యాబ్ నుంచి బయటకొచ్చి చర్చి ముందు తోట పక్కగా నడుస్తున్నాను. ఎదురొచ్చే వాళ్లలో సగం మంది నుదుటి మీద మసి. బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లు, క్యాంటీన్‌లో క్యాష్ దగ్గర ఉండే ఆవిడ, మా డేటా స్ట్రక్చర్స్ ప్రొఫెసర్. అక్కడే ఆగిపోయాను. విశాఖలో క్లాసు గది, బెంచీ, నా చేతిలో కర్చీఫ్, నా చెయ్యి పట్టుకున్న తన చెయ్యి, అన్నీ ఒక్కసారి వచ్చాయి. ఫిలిప్పినో అమ్మాయి చెప్పింది, ఈస్టర్‌కి ముందు నలభై రోజుల ఉపవాస కాలం ఈ రోజు మొదలవుతుందని, నువ్వు మట్టివి, మళ్లీ మట్టిలోనే కలుస్తావు అని చెప్పి ఆ బూడిద పెడతారని. ఆ మాట నేను మా తాతగారు పోయినప్పుడు విన్నాను. దహనం అయ్యాక ఇంటికొచ్చి అందరూ కూర్చున్నప్పుడు పురోహితుడు చెప్పింది దాదాపు ఇదే.

ఇప్పుడు అభ్యంతరాల దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఇది చదివే అమ్మానాన్నల మనసులో ఏముందో నాకు తెలుసు. ఒకటి, పిల్లలు మతం మారిపోతారేమో అని. నేను మారలేదు. మారితే నేరం అని కాదు, కానీ జరిగింది వేరు, ఇప్పుడు మాలిబు గుడికి వెళ్తే ప్రసాదం తిని వచ్చేయకుండా అర్చకుల్ని కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతున్నాను. ఉద్యోగం సంగతికొస్తే గుట్ట కిందే ప్లాయా విస్టాలో టెక్ ఆఫీసులు వరసగా ఉన్నాయి, విమానాల కోటీశ్వరుడు హోవార్డ్ హ్యూస్ అప్పట్లో ఒక పెద్ద చెక్క విమానం కట్టించిన షెడ్డులో ఇప్పుడు గూగుల్ ఉంది, నా ఇంటర్న్‌షిప్, మొదటి ఉద్యోగం రెండూ ఆ చుట్టుపక్కలే.

మూడోది డబ్బు, దీనికి నా దగ్గర తేలిక జవాబు లేదు. ఫీజు ఒక్కటే ఏడాదికి 60,000 డాలర్లు దాటింది, ఉండడానికి తినడానికి వేరే. స్కాలర్‌షిప్ లేకపోతే మేం వెళ్లగలిగేవాళ్లం కాదు, మీకు రాకపోతే అప్పు చేసి వెళ్లమని నేను చెప్పను, ఎవరు చెప్పినా వినొద్దు. ఆఖరి రెండేళ్లు నేను ఇంటి నుంచే ఫ్రీవే మీద గంటన్నర వచ్చి వెళ్లేదాన్ని. ఇంత మంచి చదువు ఇంత ధర వెనకాల ఉండడం అన్యాయం అనే అనుకుంటున్నాను, అరూపే అడిగిన న్యాయం ముందు ఆ ధర నిలబడదు.

అందుకే ఆ క్లాసు కోసం పసిఫిక్ దాకా రానక్కర్లేదు అని కూడా గట్టిగా అనాలనుంది. మా విశాఖ పాత ఊళ్లో హార్బర్ పక్కన మూడు కొండలున్నాయి, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మరియమాత చర్చి, దాన్ని రాస్ హిల్ అంటారు. షిప్పు ఫొటో తీసిన ప్రతివాళ్లూ ఆ మూడు కొండలూ చూపించి మతసామరస్యం అంటారు. నిజమే, కొట్టుకోకుండా పక్కపక్కన ఉండడం పెద్ద విషయమే, ఈ రోజుల్లో మరీను. కానీ ఒక కొండ మీద ఏం చెప్తారో ఇంకో కొండ ఎక్కేవాళ్లకి తెలీదు. మా స్కూల్లో రెండు గదులు కూడా అంతే. అక్కడ మమ్మల్ని ఎవరూ తిట్టుకోనివ్వలేదు, మాట్లాడుకోనూ ఇవ్వలేదు. వారానికి ఒక్క పీరియడ్, కేటకిజం పిల్లలూ మోరల్ సైన్స్ పిల్లలూ ఒకే గదిలో కూర్చుని, మీ ఇంట్లో దీన్ని ఏమంటారు, ఎందుకు చేస్తారు అని అడుక్కునేలా ఉంటే ఏం పోతుంది? ప్రచారం చేస్తున్నారని గొడవలవుతాయి అంటారు. అడగడం ప్రచారం కాదు. తెలీకపోవడం వల్లే ఇవాళ ఫోన్లో ఎవరేం పంపినా నమ్మేస్తున్నాం, నాతో చదివినవాళ్లే, నా పక్క బెంచీల వాళ్లే, నా పక్కన కూర్చున్న ఆ క్యాథలిక్ అమ్మాయి వాళ్ల గురించి గ్రూపులో ఏవేవో ఫార్వర్డ్ చేస్తుంటే చూశాను, ఆ బాక్సులో అన్నం వాళ్లూ తిన్నారు.

క్యాంపస్‌లో ఆ మసి చూసిన బుధవారం రాత్రే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను, విశాఖలో గురువారం పొద్దున్న అయింది. తను నర్సింగ్ చదువుతూ హాస్పిటల్లో ట్రైనింగ్ చేస్తోంది, అప్పుడే నైట్ డ్యూటీ దిగింది. కర్చీఫ్ సంగతి గుర్తుందా అని అడిగితే నవ్వింది. "విభూది బుధవారం అంటామే మేం" అంది.

విభూది. మా తాతగారి నుదుటి మీద రోజూ ఉండే మాట.

"ఆ పక్క గదిలో ఏం చెప్పేవాళ్లే మీకు?" అని అడిగాను, ఇన్నేళ్లు ఆలస్యంగా. చాలా చెప్పింది, ప్రార్థనలు బట్టీ పట్టడం, మొదటి కమ్యూనియన్‌కి తెల్ల గౌను, అందులో ఒక సిస్టర్ పాటలు బాగా పాడేదని. చెప్పి చెప్పి, "మరి మీ మోరల్ సైన్స్‌లో ఏటి చెప్పేవోళ్లే? తలుపులేసేసేవోళ్లు కదా, ఎనిమిదేళ్లూ నాకు అదే అనుమానం, మేం లేనప్పుడు మా గురించేమైనా చెప్తున్నారేటో అని" అంది.

పొద్దున్న పదకొండు దాటే దాకా మాట్లాడుకున్నాం, తనకి పదకొండు. ఈ డిసెంబరులో వెళ్తున్నాను, 8వ తారీఖు రాస్ హిల్ పండక్కి తనతో కొండెక్కుతాను. ఆ మర్నాడు తను సింహాచలం వస్తానంది, మా అమ్మమ్మని పరిచయం చెయ్యాలి.